ఇంగ్లీషులో రెండు వాక్యాలు కలిపి ఒకటి చేయడం ఎలా?

ఇఫ్, వెన్, బికాజ్, ఆల్దో, అన్‌లెస్, అన్‌టిల్ లాంటి, రెండు వాక్యాల్ని కలిపే మాటల్ని గ్రామర్‌లో సబార్డినేటింగ్ కంజంక్షన్స్ అంటారు, పేరు చూసి బెదిరిపోకండి, ఇదే పని మనం తెలుగులో రోజూ చేస్తున్నాం, కాకపోతే మనకి ఎక్కువసార్లు అది క్రియ చివరే అతుక్కుని ఉంటుంది. వాన పడితే, వాన పడినా, వాన పడేదాకా, వాన పడగానే... చూశారా?

అందుకని ముందు మీ వాక్యం తెలుగులో రాసుకుని ఆ చివరి ముక్క కింద గీత గీయండి. "తే" అంటే ఇఫ్, "ప్పుడు" అంటే వెన్, "దాకా" అంటే అన్‌టిల్, "గానే" అంటే యాజ్ సూన్ యాజ్. "నా" ఉంటే మాత్రం కాస్త ఆలోచించాలి, జరిగిపోయినదైతే ఆల్దో, జరగొచ్చు అనుకునేదైతే ఈవెన్ ఇఫ్.

తర్వాత ఆ ముక్కని తోక దగ్గర్నుంచి తీసి తల దగ్గర పెట్టండి. వాన పడితే ఇంట్లోనే ఉంటాం: ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టే ఎట్ హోమ్. ఇంతే అసలు సంగతి.

"కాబట్టి" అనే మాట దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. "వాన పడింది కాబట్టి నేను రాలేదు" అనేదాన్ని వరసగా మార్చేసి ఇట్ రెయిన్డ్ బికాజ్ ఐ డిడ్ నాట్ కమ్ అని రాస్తారు, అంటే మీరు రాకపోవడం వల్లే వాన పడిందని అర్థం! బికాజ్ ఎప్పుడూ కారణం ముందే కూర్చోవాలి: ఐ డిడ్ నాట్ కమ్ బికాజ్ ఇట్ రెయిన్డ్.

కామా సంగతి సులువు. కంజంక్షన్ ఉన్న ముక్క ముందొస్తే దాని తర్వాత కామా, వెనకొస్తే మామూలుగా అక్కర్లేదు.

ఇక రాసింది ఒకసారి చదువుకుని ఇవి చూసుకోండి. రేపటి గురించి చెప్తున్నా సరే ఇఫ్, వెన్ పక్కన విల్ పెట్టొద్దు, వెన్ హి విల్ కమ్ కాదు, వెన్ హి కమ్స్. ఆల్దో పెట్టాక మళ్ళీ బట్ వద్దు, ఒకటి చాలు. అన్‌లెస్‌లోనే "కపోతే" ఉంది, అందుకే అన్‌లెస్ యు డోంట్ స్టడీ అంటే అర్థం తిరగబడుతుంది, అన్‌లెస్ యు స్టడీ అనాలి. లీవ్ లెటర్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇంకోటి, బికాజ్ ఐ వాజ్ సిక్ అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేయడం. అది సగం వాక్యమే, ఐ వాజ్ ఆబ్సెంట్ కూడా అందులోనే ఉండాలి.

ఇప్పుడు మీరే ఒకటి చేసి చూడండి, "బస్సు వచ్చేదాకా ఇక్కడే ఉంటా". ఐ విల్ స్టే హియర్ అన్‌టిల్ ది బస్ కమ్స్ అని వచ్చిందా?