పంక్చరైన కారు టైరు: బాగు చేయించాలా, మార్చేయాలా?

మేకు దిగిన ట్యూబ్‌లెస్ టైరును బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నది మూడు విషయాలను బట్టి ఉంటుంది. రంధ్రం ఎక్కడ పడింది, ఎంత పెద్దది, గాలి లేకుండా బండి ఎంత దూరం నడిచింది. మొదటి రెండూ చాలావరకు బయటి నుంచే తెలుస్తాయి. మూడోది టైరును రిమ్ము నుంచి విప్పితే తప్ప తెలియదు. ఐదు నిమిషాల్లో రంధ్రంలోకి బయటి నుంచి జిగురు రబ్బరు స్ట్రిప్ దూర్చి పంపేసే చోట ఆ మూడోదాన్ని ఎవరూ చూడరు. అసలు ప్రమాదం అక్కడే ఉంటుంది.

దారిలో మేకు కనిపిస్తే పీకకండి. ట్యూబ్‌లెస్ టైరులో లోపలి రబ్బరు మేకును పట్టుకునే ఉంటుంది కాబట్టి గాలి నెమ్మదిగా దిగుతుంది. పీకితే నిమిషాల్లో ఖాళీ. గాలి ఇంకా ఉంటే పంపుతో డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద రాసిన ప్రెషర్ వరకు నింపి, నిదానంగా దగ్గర్లోని షాపుకు వెళ్లండి. టైరు పూర్తిగా కూర్చుండిపోతే మాత్రం వంద మీటర్లు కూడా నడపవద్దు, స్టెప్నీ వేయండి. హ్యాండ్ బ్రేక్ లాగి, ఎదురు మూలనున్న చక్రానికి రాయి అడ్డం పెట్టి, జాకీ ఎత్తకముందే నట్లు కాస్త వదులు చేయాలి. స్టెప్నీ మిగతా టైర్ల కంటే సన్నగా ఉంటే దాని మీద రాసిన వేగం దాటకూడదు, సాధారణంగా అది గంటకు 80 కిలోమీటర్లు. 2020లో మారిన నిబంధనల వల్ల కొన్ని కార్లకు స్టెప్నీ బదులు సీలెంట్ కిట్ వస్తోంది. అది వాడితే షాపులో ముందే చెప్పండి. ఆ ద్రవాన్ని పూర్తిగా తుడవకపోతే ప్యాచ్ అంటుకోదు, ప్రెషర్ సెన్సార్ కూడా మూసుకుపోవచ్చు.

ఇక రంధ్రం చోటు. రోడ్డును తాకే ట్రెడ్ మధ్య భాగంలో, రెండు చివరి పెద్ద గాళ్ల (గాడుల) మధ్యలో ఉంటేనే బాగు చేయవచ్చు. అక్కడ రబ్బరు కింద స్టీలు బెల్టులు ఉంటాయి, ఆ భాగం పెద్దగా వంగదు. ట్రెడ్ అంచుల్లో, సైడ్‌వాల్‌లో ఆ బలం ఉండదు. చక్రం తిరిగిన ప్రతిసారీ అవి వంగుతూ లేస్తూ ఉంటాయి, ఎంత బాగా వేసిన ప్యాచ్ అయినా అక్కడ నిలవదు. సైడ్‌వాల్ పంక్చర్‌కు ప్యాచ్ వేస్తామనే షాపు నుంచి మర్యాదగా బయటికి వచ్చేయండి. గుంతలో పడ్డాక సైడ్‌వాల్ మీద బుడిపె లేచినా అంతే. లోపలి దారాలు తెగాయని అర్థం, గాలి నిలిచినా ఆ టైరు పనికిరాదు.

కారు టైరుకు బాగు చేయదగిన రంధ్రం వ్యాసం 6 మిల్లీమీటర్లకు మించకూడదు. 6 మి.మీ. డ్రిల్ బిట్టు అందులో వదులుగా దిగితే ఆ టైరు మార్చాల్సిందే. ఇనుప రేకు చీల్చిన పొడవాటి కోతలకు కూడా మరమ్మతు లేదు.

విప్పిన టైరు లోపల టార్చి వేసి, చేత్తో తడిమి చూడండి. నల్లటి రబ్బరు పొడి రాలుతుంటే, సైడ్‌వాల్ లోపల గుండ్రంగా చుట్టూ గీత పడి ఉంటే, రబ్బరు పొర ముడతలు పడి దారాలు కనిపిస్తుంటే, గాలి లేకుండా నడిచినప్పుడు అది రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగిపోయినట్టే. బయటికి కొత్తదిలా కనిపించవచ్చు. గాలి నింపి ఎండలో హైవే ఎక్కితే వేడికి పేలే టైర్లలో ఇవీ ఉంటాయి.

ఈ మూడూ దాటిన టైరుకు సరైన మరమ్మతు మష్రూమ్ ప్యాచ్, అంటే పుట్టగొడుగులా కాడ ఉన్న ప్యాచ్. కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు లోపలి పొరను మూస్తుంది. బయటి నుంచి దూర్చే స్ట్రిప్ రంధ్రాన్ని నింపుతుంది గానీ లోపలి పొరను మూయదు. కొంతకాలానికి గాలి పక్కనుంచి జారవచ్చు, నీరు చేరితే స్టీలు తుప్పు పడుతుంది. పైగా స్ట్రిప్ దూర్చే ముందు రంధ్రంలో తిప్పే ఆకురాయిలాంటి సూదిని అడ్డదిడ్డంగా తిప్పితే బెల్టు తీగలు తెగుతాయి. స్ట్రిప్‌తో ఇల్లు చేరండి, ఆ వారంలోనే మష్రూమ్ వేయించండి. వేసేటప్పుడు పక్కనే నిలబడి చూడటం మంచిది. మేకు దూరిన కోణంలోనే రంధ్రాన్ని శుభ్రం చేయాలి. లోపలి పొరను తక్కువ వేగంతో తిరిగే బఫర్‌తో గరుకు చేసి, దుమ్ము తీసి, సొల్యూషన్ పూయాలి. అది వేలికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగాలి. తొందరలో తడిగా ఉండగానే అతికించడం వల్లే చాలా ప్యాచ్‌లు లేచిపోతాయి. ఆపై కాడను లోపలి నుంచి బయటికి లాగి, ప్యాచ్‌ను మధ్య నుంచి అంచులకు రోలర్‌తో నొక్కాలి. పాత ప్యాచ్ మీదకు కొత్తది ఎక్కేలా ఉంటే ఆ టైరును వదిలేయండి.

‘ట్యూబ్ వేస్తే సరిపోతుంది సార్’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఒప్పుకోవద్దు. ట్యూబ్‌లెస్ టైరు లోపలి గరుకుకు ట్యూబు రాసుకుని వేడెక్కుతుంది, అది పగిలితే గాలి ఒక్కసారిగా పోతుంది.

బాగయ్యే పంక్చరే అయినా టైరు వయసు చూడండి. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఆరేడేళ్లు దాటి పగుళ్లు పడితే, లేదా గాళ్లలోని 1.6 మి.మీ. గుర్తు దగ్గరికి ట్రెడ్ అరిగితే మరమ్మతు డబ్బు దండగ.

మార్చేటప్పుడు పాత టైరు సైజుతో పాటు లోడ్, స్పీడ్ గుర్తులు కూడా సరిచూడండి. 185/65 ఆర్15 88హెచ్ (88 లోడ్ గుర్తు, హెచ్ స్పీడ్ గుర్తు) ఉన్నచోట 88 కంటే తక్కువ తీసుకోవద్దు. మిగతావి సగం పైగా అరిగితే జతగా కొని, ముందు చక్రాలతో నడిచే కారైనా సరే, కొత్తవి వెనక వేయించండి. వాన రోడ్డు మీద వెనక చక్రాల పట్టు మొదట జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ ఎప్పుడూ అందే కారులో టైర్ల చుట్టుకొలత తేడా గేర్ల మీద భారం వేస్తుంది, అక్కడ కంపెనీ మాన్యువల్ చెప్పిన హద్దు పాటించాలి.

బిగించాక బ్యాలెన్సింగ్ చేయించి, రంధ్రం పడిన చోటా వాల్వు చుట్టూ సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడండి. పాత రబ్బరు వాల్వును అదే పనిలో మార్పించండి, ఖర్చు తక్కువ. నట్లు ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగువు చూసుకోవాలి. బండి చల్లగా ఉన్నప్పుడు మర్నాడు ప్రెషర్ కొలవండి. 2 పీఎస్‌ఐ కంటే ఎక్కువ తగ్గితే మళ్లీ విప్పించాల్సిందే.