చాక్లెట్ పుడ్డింగ్ కుదరలేదా? ఎక్కడ తప్పిందో చూద్దాం

అర లీటరు పాలు, ఆరు చెంచాల చక్కెర, మూడు చెంచాల కోకో పొడి, మూడు చెంచాల కార్న్‌ఫ్లోర్, చిటికెడు ఉప్పు, దించాక కలపడానికి కాస్త వెన్న. నలుగురికి సరిపోయే చాక్లెట్ పుడ్డింగ్‌కు ఇవి చాలు. చెంచా అంటే ఇక్కడ 15 మిల్లీలీటర్లు పట్టే పెద్ద చెంచా. గోపురంలా కాకుండా అంచుకు సమానంగా కొలవాలి. ఓవెన్ అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు.

రాగి జావ కాచడం వచ్చినవారికి ఇది సగం వచ్చినట్టే. పిండిని చల్లటి పాలలో కలపాలి, కాగుతున్న పాలలో పోయాలి, అడుగంటకుండా తిప్పుతూ ఉడికించాలి. కుదరలేదని నాతో చెప్పినవారిలో ఎక్కువమంది పిండి పూర్తిగా ఉడకకముందే పొయ్యి ఆపేసినవారే. అందుకే ఆ సమస్యతోనే మొదలుపెడుతున్నాను.

ఎంతసేపు ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడలేదు

కార్న్‌ఫ్లోర్ రేణువులు 65 డిగ్రీల దగ్గర నీటిని పీల్చుకుని ఉబ్బడం మొదలుపెడతాయి. కానీ పూర్తి చిక్కదనం రావాలంటే వేడి 95 డిగ్రీల దాకా చేరాలి. గరిటె కాస్త బరువెక్కగానే అయిపోయిందనుకుని దించేస్తే పని సగంలో ఆగిపోతుంది. తిన్నప్పుడు నాలుకకు పచ్చిపిండి రుచి తగిలినా కారణం ఇదే.

వంటింట్లో దీనికి థర్మామీటరు అక్కర్లేదు, గిన్నెలోకి చూస్తే చాలు. మొదట అంచుల వెంట సన్నటి నురగ కనిపిస్తుంది. తరువాత నురగ తగ్గి, మట్టిరంగు మిశ్రమం నున్నగా, మెరుస్తూ కదులుతుంది. ఆపైన బుడగలు తీరిగ్గా పైకి లేచి, జావ ఉడికేటప్పటిలా టప్ టప్‌మని పగులుతాయి. మొదటి బుడగ పగిలినప్పటి నుంచి లెక్కపెట్టి, సన్నటి సెగమీద తిప్పుతూ ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి. గరిటె వెనక వేలితో గీత గీస్తే అది చెదరకుండా నిలవాలి. వేడిమీద ఎప్పుడూ కాస్త పలచగానే ఉంటుంది. గట్టిపడటానికి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు పడుతుంది.

పలచగా ఉండిపోయినదాన్ని పారబోయకండి. మళ్లీ గిన్నెలో పోసి బుడగలు వచ్చేదాకా ఉడికించండి. అప్పటికీ చిక్కబడకపోతే ఒక చెంచా కార్న్‌ఫ్లోర్‌ను మూడు చెంచాల చల్లటి పాలలో కలిపి, సన్నటి ధారగా పోస్తూ ఇంకో నిమిషం ఉడికించండి. ఒకసారి డబ్బా కూడా చూసుకోండి. మనకు కావలసింది తెల్లగా, వేళ్ల మధ్య నలిపితే కిరకిరలాడే పిండి. పసుపుపచ్చటి మొక్కజొన్న పిండి వేరు. అది గింజ మొత్తాన్ని మరపట్టినది, పుడ్డింగ్‌ను గరుకుగా చేస్తుంది.

రాత్రి బాగానే గట్టిపడింది, తెల్లారేసరికి నీళ్లైంది

ఇది నన్ను చాలాకాలం తికమకపెట్టింది. కొలత సరిగ్గా ఉంది, ఉడకడమూ సరిగ్గానే ఉంది. ఒకరోజు చల్లారబెట్టిన గిన్నె దగ్గర మా అమ్మాయి చెంచాతో కాస్త తీసుకుని నాకి, అదే చెంచా మళ్లీ ముంచుతుంటే చూశాను. మరునాడు ఆ గిన్నె పలచబడింది, అదే పుడ్డింగ్ పోసిన చిన్న కప్పులు మాత్రం చెక్కుచెదరలేదు. మన లాలాజలంలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. చల్లారిన పుడ్డింగ్‌లో పడిన కొద్దిపాటి ఎంగిలి కూడా రాత్రంతా పనిచేస్తూనే ఉంటుంది. ఎంగిలి చెంచా పెట్టవద్దని పెద్దవాళ్లు పట్టుబట్టేది ఇక్కడ అక్షరాలా నిజం. రుచి చూడటానికి ప్రతిసారీ కొత్త చెంచా తీసుకోండి, పుడ్డింగ్‌ను ఎవరి కప్పు వారికి విడిగా పోయండి. అలా పలచబడినదాన్ని ఇంట్లోవాళ్లే ఆ పూటే చాక్లెట్ పాలలా తాగేయవచ్చు.

ఉండలు కట్టింది

పొడి పిండిని వేడి పాలలో వేస్తే ప్రతి ఉండా బయట జిగురై, లోపల పొడిగా మిగులుతుంది. ఇక ఎంత తిప్పినా లోపలికి తడి చేరదు. వేడిగా ఉండగానే జల్లెడలో పోసి గరిటెతో నొక్కండి. మిక్సీ జోలికి వెళ్లకండి. ఉడికి ఉబ్బిన రేణువులు ఆ వేగానికి చితికి పుడ్డింగ్ జారుగా మారుతుంది. ఈసారి అర కప్పు పాలు పక్కన ఉంచుకుని, అవి చల్లగా ఉండగానే పిండి కలపండి. పొయ్యి మీది పాలలో పోసే ముందు మరోసారి అడుగునుంచి కలియతిప్పండి. కార్న్‌ఫ్లోర్ నిమిషంలోనే అడుగున పేరుకుంటుంది.

కోకో చుక్కలు చుక్కలుగా పైన తేలింది

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో కాసే కోకో కాయలను మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ గింజను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరి, కొవ్వు పిండేయగా మిగిలినదే కోకో పొడి. ఎంత పిండినా కొంత కొవ్వు దానిలో ఉండిపోతుంది. అందుకే నేరుగా పాలలో వేస్తే తడవకుండా తేలుతుంది. ముందుగా చక్కెరతో పొడిపొడిగా కలపండి. చక్కెర పలుకులు కోకోను విడివిడిగా ఉంచుతాయి. తరువాత నాలుగు చెంచాల గోరువెచ్చని పాలు పోసి నున్నటి ముద్దలా చేసి, మిగతా పాలలో కలపండి.

అడుగంటింది

గోకకండి. పైభాగాన్ని మెల్లగా వేరే గిన్నెలోకి వంచి, వాసన రాకపోతే అందులోనే వంట కొనసాగించండి. మాడు వాసన పట్టిందంటే ఏ పరిమళ ద్రవ్యమూ దాన్ని కప్పలేదు. మందపాటి అడుగున్న గిన్నె, మధ్యస్థమైన సెగ, మూలలకు చేరే చెక్క గరిటె ఉంటే ఈ బాధ రాదు.

పైన మీగడ కట్టింది, లేదా నీరు చేరింది

మీగడ ఇష్టమైతే అలాగే తినండి, అది తప్పేమీ కాదు. వద్దనుకుంటే వేడిగా ఉండగానే బటర్ పేపర్‌ను పుడ్డింగ్‌కు ఆనేలా పరవండి. వేడి గిన్నెమీద స్టీలు మూత పెడితే ఆవిరి చుక్కలై మళ్లీ అందులోనే పడుతుంది, పైన చేరే నీటిలో కొంత అదే. రెండు మూడు రోజులు నిలవ ఉన్నా, డీప్ ఫ్రిజ్‌లో పెట్టినా పిండి తను పట్టుకున్న నీటిని వదిలేస్తుంది. ఆ నీటిని వంపేసి తినవచ్చు, కానీ రెండో రోజు దాటనివ్వకపోవడమే నా అలవాటు.

రుచి చప్పగా ఉంది

చల్లటి పదార్థంలో తీపి తక్కువగా తెలుస్తుంది. వేడిమీద రుచి చూసినప్పుడు కాస్త ఎక్కువ తీపి అనిపిస్తేనే చల్లారాక సరిపోతుంది. కోకో బదులు డ్రింకింగ్ చాక్లెట్ వాడి ఉంటే అందులో ఎక్కువ భాగం చక్కెరే కాబట్టి చాక్లెట్ రుచి పలచబడుతుంది. పావు చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేస్తే కోకో రుచి పైకి వస్తుంది. ఉప్పు మాత్రం మానకండి.

బెల్లం వేస్తే పాలు విరిగాయి

పరమాన్నం దించాకే బెల్లం ఎందుకు కలుపుతామో ఇక్కడా అందుకే. బెల్లంలోని పులుపు, లవణాలు మరిగే పాలను విరిచేస్తాయి. 400 మిల్లీలీటర్ల పాలతోనే పుడ్డింగ్ ఉడికించి దించండి. 100 గ్రాముల బెల్లాన్ని పావు కప్పు నీటిలో కరిగించి, వడకట్టి, రెండూ గోరువెచ్చగా అయ్యాక మెల్లగా కలపండి. ఇప్పటికే విరిగి ఉంటే అది తిరిగి కలవదు. రెండు చెంచాల నెయ్యి వేసి, సన్నటి సెగమీద గిన్నెను వదిలేదాకా తిప్పి, నెయ్యి రాసిన పళ్లెంలో పోయండి. హల్వాలా చెంచాతో తినవచ్చు.