మేఫ్లైలు వెలువడే వేసవి సాయంత్రాల్లో ట్రౌట్‌కు ఫ్లై వేయడం: హైదరాబాదు నుంచి తీర్థన్ నదికి వెళ్ళేవారి కోసం

చెరువుల్లో కొర్రమీనుకూ, జలాశయాల్లో రవ్వకూ బొచ్చెకూ గాలం వేసి చేయి తిరిగిన హైదరాబాదువారు కూడా ట్రౌట్ నది ఒడ్డున మొదటి సాయంత్రం తికమకపడడం సహజం. కళ్ళ ముందే చేపలు పైకి లేచి ఏదో అందుకుంటూ ఉంటాయి, మనం వేసిన ఫ్లైని, అంటే ఈకలూ దారమూ చుట్టి పురుగులా కట్టిన కొక్కేన్ని, మాత్రం ఒక్కటీ ముట్టదు. కొర్రమీనును రెచ్చగొట్టడానికి రబ్బరు కప్పను తామరాకుల మీద గంతులు వేయిస్తూ లాగడం మరిగిన చేయి ఇక్కడ అడ్డం వస్తుంది. మేఫ్లైలు అనే నీటి పురుగులు రెక్కలతో పెద్దఎత్తున వెలువడే వేళ ట్రౌట్ తరచుగా ఒకే రకం పురుగును, అది ఒకే దశలో ఉండగా ఏరుకుని తింటుంది. ఆ పురుగు ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతుంది కాబట్టి మన ఫ్లై కూడా అలాగే పోవాలి. చేప ఏ దశను తింటున్నదో పోల్చుకోవడం, దానికి తగిన ఫ్లైని లైను ఈడ్వకుండా చేప ముందుకు చేర్చడం అనే ఈ రెండు పనులు వస్తే మిగతా సామగ్రి గొడవ చాలావరకు అనవసరమని నా అభిప్రాయం.

ఎక్కడికి, ఎప్పుడు

ట్రౌట్ చల్లని నీటి చేప. నీరు సుమారు 10 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు బాగా మేస్తుంది, 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. అందువల్ల మూసీ మొదలుకొని గోదావరి వరకు మన నదుల్లో దేనిలోనూ అది బతకదు. హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లు ప్రాంతానికి బ్రౌన్ ట్రౌట్‌ను 1909లో తెచ్చారు. లార్జి దగ్గర బియాస్ నదిలో కలిసే తీర్థన్ ఇప్పుడు ఈ చేపకు పేరుపొందిన నదుల్లో ఒకటి. హైదరాబాదు నుంచి ఢిల్లీకో చండీగఢ్‌కో విమానంలో వెళ్ళి, మనాలి దారిలో ఔట్ దాకా రోడ్డు మీద ప్రయాణించి, అక్కడ బంజార్ వైపు తిరిగితే నాగిని, గుషైణి గ్రామాల పక్కనే నది కనిపిస్తుంది.

హిమాచల్‌లో నవంబరు మొదటి నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేట నిషేధం, ఎందుకంటే అది గుడ్లు పెట్టే కాలం. జులై, ఆగస్టు నెలల్లో వానలకు నీరు బురదగా మారి పైకి తేలే ఫ్లైతో పని ఉండదు. కాబట్టి వేసవి వేటకు ఏప్రిల్ మధ్య నుంచి జూన్ చివరి వరకు ఉండే కాలమే మిగులుతుంది. ఇక్కడ మృగశిర కార్తె వచ్చి చేపల మార్కెట్లు కిటకిటలాడే రోజుల్లోనే అక్కడి లోయలో సాయంత్రాలు మబ్బు పట్టడం మొదలవుతుంది, అది మనకు మేలే. మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సు లేకుండా నీటిలో గాలం వేయకూడదు. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడవుకు తక్కువైతే వదిలేయాలి అన్న షరతులను అది తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

మేఫ్లై నాలుగు రూపాలు

మేఫ్లై తన జీవితంలో ఎక్కువ భాగం, అంటే కొన్ని నెలల నుంచి ఏడాది దాకా, నది అడుగున రాళ్ళను పట్టుకుని రెక్కలు లేని నింఫ్‌గా గడుపుతుంది. లోతు లేని చోట ఒక రాయిని తిప్పి చూస్తే పొట్టకు రెండు పక్కలా సన్నని మొప్పలు, వెనుక రెండో మూడో తోకలు ఉన్న పురుగు కనిపిస్తుంది. వేగంగా పారే నీటిలో ఉండేవి రాతికి అతుక్కునేలా బల్లపరుపుగా ఉంటాయి, నెమ్మది నీటిలో ఈదేవి సన్నగా గుండ్రంగా ఉంటాయి. పెరుగుదల పూర్తయ్యాక నింఫ్ నీటి ఉపరితలానికి లేచి, వీపు మీద పొర చీల్చుకుని బయటికి వస్తుంది. సగం పొరలోనూ సగం బయటా ఉన్న ఆ స్థితిని వేటగాళ్ళు ఎమర్జర్ అంటారు. అలా బయటపడిన రెక్కల పురుగే డన్. అది మసక రెక్కలను తెరచాపలా నిలబెట్టుకుని, అవి ఆరేదాకా నీటి మీదే తేలుతూ పోయి, ఆ తరువాత చెట్ల మీదికి ఎగిరిపోతుంది. అక్కడ అది మరొకసారి పొర విడుస్తుంది, ఎగరగలిగే రెక్కలు వచ్చాక కూడా పొర విడిచే కీటకజాతి ఇదొక్కటే. అప్పుడు గాజులాంటి రెక్కలున్న స్పిన్నర్ అవుతుంది. నోరు పనిచేయదు కాబట్టి ఏమీ తినదు. గుంపుగా నది మీద జతకట్టి, ఆడవి గుడ్లు పెట్టి, రెక్కలు రెండు పక్కలా పరుచుకుని నీటి మీద పడి చనిపోతాయి.

మబ్బు, తుంపర ఉన్న రోజు వేటకు ఎందుకు మంచిదో దీనిని బట్టి అర్థమవుతుంది. ఎండలో డన్ రెక్కలు త్వరగా ఆరి అది వెంటనే ఎగిరిపోతుంది, చల్లని తేమగాలిలో మాత్రం ఎక్కువసేపు తేలుతూ చేపకు దొరుకుతుంది. ఏప్రిల్‌లో ఉదయం పదకొండు తరువాత కనిపించే ఈ సందడి ఎండలు ముదిరేకొద్దీ సాయంత్రానికి మారుతుంది.

సామగ్రి

దీని గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు గానీ కావలసింది కొంచెమే. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది అడుగుల 4 లేదా 5 నంబరు ఫ్లై రాడ్, దానికి సరిపడే తేలే లైను, లైను కొసకు కట్టే, చివరికి సన్నబడే తొమ్మిది అడుగుల లీడర్ దారం చాలు. దాని చివర ఫ్లైకి కట్టే సన్నని దారం, అంటే టిప్పెట్, 5ఎక్స్ అయితే మందం సుమారు 0.15 మిల్లీమీటర్లు, 6ఎక్స్ అయితే 0.13; పెద్ద చేపలున్న వేగపు నీటిలో మొదటిది, నిశ్చలంగా ఉండే మడుగుల్లో రెండవది వాడాలి. ఫ్లైలలో ఫెజంట్ టెయిల్ నింఫ్, సీడీసీ అనే బాతు ఈకతో కట్టిన ఎమర్జర్, డన్‌ను పోలిన పారాచూట్ ఆడమ్స్, రస్టీ స్పిన్నర్ అనే నాలుగింటిని 14 నుంచి 18 నంబరు కొక్కేల మీద తీసుకెళ్ళాలి. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని మరిచిపోకూడదు. కొక్కెం ముల్లును ప్లయర్‌తో నొక్కేస్తే చేపను విడిపించడం సులువు. వీటికి తోడు ఒక థర్మామీటరు, బేగంబజారులో ఏ గిన్నెల దుకాణంలోనైనా దొరికే టీ వడకట్టే జాలీ ఉంచుకోండి. ప్రవాహానికి అడ్డంగా ఆ జాలీని రెండు నిమిషాలు పట్టుకుంటే నీటిలో ఏ పురుగు ఏ దశలో కొట్టుకువస్తున్నదో కంటికి కనిపిస్తుంది. ఖరీదైన ఫ్లైల పెట్టె చేయలేని పని అది.

బయలుదేరే ముందు హైదరాబాదులో

ఫ్లైకి దాదాపు బరువే ఉండదు, కాబట్టి దానిని మోసుకుపోయేది లైను బరువే. ఈ ఒక్క సంగతి చేతికి అలవాటు కావడానికి కాలనీ మైదానంలో తెల్లవారుజామున సాధన చేయడం తప్పనిసరి. సిమెంటు నేల మీద లైను పూత గీరుకుపోతుంది కాబట్టి గడ్డి మీదే చేయాలి, కొక్కేనికి బదులు ఎర్రటి ఉన్ని పోగు కట్టాలి. రాడ్‌ను నెమ్మదిగా ఎత్తడం మొదలుపెట్టి, వేగం పెంచి, తల దాటగానే ఒక్కసారిగా ఆపాలి. లైను వెనుక పూర్తిగా విప్పుకునేదాకా ఆగి, ఆ తరువాతే ముందుకు తీసుకురావాలి. చాలామంది ఆ వెనుక ఆగే క్షణాన్ని మింగేస్తారు, అందుకే లైను కాళ్ళ దగ్గర కుప్పపడుతుంది. ఎనిమిది పది మీటర్ల దూరంలో ఒక పళ్ళెం పెట్టి పోగు దానిలో పడేలా వేయగలిగితే తీర్థన్‌కు సరిపోతుంది, అంతకంటే దూరం వేయవలసిన అవసరం ఆ నదిలో అరుదు. గాలులు వీచే జూన్ ఉదయాల్లో సాధన మానకండి, కొండ లోయలో గాలి అంతకంటే మొండిది.

మరొక విద్య కూడా ఇక్కడే నేర్చుకోవాలి. లైను గాలిలో ముందుకు విప్పుకుంటున్నప్పుడు రాడ్ కొసను ఎగువ వైపుకు వాల్చి దించితే లైను కూడా ఎగువకు వంపు తిరిగి నేల మీద పడుతుంది. నదిలో ఆ వంపు తీరేదాకా ఫ్లై స్వేచ్ఛగా తేలుతుంది.

నది ఒడ్డున

చేరగానే నీటిలో దిగకండి, ఒక రాయి మీద కూర్చుని పావుగంట చూడండి. పైకి లేచిన చేప వదిలిన వలయంలో గాలి బుడగ మిగిలితే అది ఉపరితలం మీది పురుగునే అందుకున్నదని సాధారణంగా అనుకోవచ్చు, ఎందుకంటే పురుగుతో పాటు గాలిని కూడా మింగి మొప్పల గుండా వదులుతుంది. బుడగ లేకుండా నీరు ఉబ్బి, వీపు, తోక మాత్రమే కనిపిస్తే ఉపరితలానికి కాస్త కింద ఎమర్జర్లను తింటున్నట్లు. చీకటి పడే వేళ చప్పుడు లేకుండా చిన్న వలయాలు వరుసగా వస్తుంటే స్పిన్నర్లు పడుతున్నాయన్నమాట. డన్లు కళ్ళెదుటే తేలిపోతున్నా చేప వాటిని వదిలేయడం చూసి కూడా అదే డన్ ఫ్లైని పట్టుకుని వేళ్ళాడడం దండగ. వెంటనే ఎమర్జర్‌కు మారాలి. ఎటూ తేలకపోతే ముందు ఎమర్జర్ కట్టడమే నేనిచ్చే సలహా. సగం పొరలో చిక్కుకున్న పురుగు ఎగిరిపోలేదు, చేపకు ఆ సంగతి తెలిసినట్లే ఉంటుంది.

చేప ఎగువకు ముఖం పెట్టి నిలుస్తుంది కాబట్టి దిగువ నుంచి, ఒంగి, నీటిని కదిలించకుండా దగ్గరకు వెళ్ళాలి. నీటి కింద నుంచి చేపకు బయటి ప్రపంచం కనిపించేది సుమారు 97 డిగ్రీల కోణంలో తెరుచుకునే ఒక గుండ్రని కిటికీ గుండా మాత్రమే. ముప్పై సెంటీమీటర్ల లోతులో ఉన్న చేపకు ఉపరితలం మీద ఆ కిటికీ వ్యాసం డెబ్బై సెంటీమీటర్ల లోపే. ఫ్లై ఆ వలయంలోకి నీటి వేగంతోనే ప్రవేశించాలి గనుక చేప లేచిన చోటికి కనీసం మీటరు ఎగువన, కొంచెం పక్కగా వేయాలి. లైను చేప తల మీదుగా పడకూడదు, దాని పైన గాలిలో ఊపుతూ ఉండకూడదు.

ఫ్లై పక్కన నీటిలో చిన్న గీత పడిందంటే లైను దానిని ఈడుస్తున్నట్లే, చేప దానిని చూసి పక్కకు తొలగుతుంది. మీకూ చేపకూ మధ్య వేగపు ధార ఉంటే అది లైను నడుమను ముందుకు లాగేస్తుంది. ఆ మధ్యభాగాన్ని రాడ్‌తో ఎత్తి ఎగువకు వేయాలి, లేదా ఇంకో రెండడుగులు జరిగి ఆ ధార అడ్డు లేని చోట నిలబడాలి. అడుగు జరగడమే చాలాసార్లు తేలికైన దారి. ఫ్లై చేపను దాటి చాలా దిగువకు పోయాక మాత్రమే నెమ్మదిగా ఎత్తి మళ్ళీ వేయాలి. రెండు మూడు మంచి ప్రయత్నాలకు స్పందించకపోతే కాసేపు ఆ చేపను వదిలి, అది మళ్ళీ లేవడం మొదలుపెట్టాక దశ మార్చి చూడాలి, అప్పటికీ ముట్టకపోతే అదే ఫ్లైలో ఇంకా చిన్న కొక్కెం ఉన్నది కట్టాలి.

చేప ఫ్లైని అందుకోగానే కొర్రమీనును కొట్టినట్లు బలంగా గుంజితే 0.15 మిల్లీమీటర్ల దారం తెగిపోతుంది. నోరు మూసి తల దించేదాకా ఒక క్షణం ఆగి, రాడ్ కొసను ఎత్తితే చాలు. ఫ్లై తడిసి మునుగుతుంటే గుడ్డతో ఒత్తి ఆరబెట్టి, అది తేలేలా చేసే జెల్ రాయాలి, ఎమర్జర్‌కు మాత్రం రెక్కల ఈకకు అది తగలకుండా చూడాలి, సీడీసీ ఈక దానితో అతుక్కుపోతుంది.

ఇక్కడ భద్రత గురించి ఒక్క మాట కచ్చితంగా గుర్తుంచుకోవాలి: ఎండకు కరిగిన మంచునీరు మధ్యాహ్నం దాటాక కిందికి చేరుతుంది, ఉదయం మోకాలి లోతులో దాటిన చోటు సాయంత్రానికి తొడలు దాటవచ్చు. స్పిన్నర్ల వేటలో చీకటి పడేదాకా ఆగాలనుకునేవారు ఇంటికి వెళ్ళే ఒడ్డునే నిలబడాలి. వదిలేయదలచిన చేపను తడి చేతులతో నీటిలోనే పట్టుకుని కొక్కెం తీసి, ఎగువకు తల పెట్టి దానంతట అది ఈదిపోయేదాకా ఆసరాగా పట్టుకోవాలి. థర్మామీటరు 20 డిగ్రీలు చూపిన రోజు ఎన్ని పురుగులు ఎగురుతున్నా గాలం వేయకుండా మరునాటి ఉదయానికి వాయిదా వేసుకోవాలి.