బేస్‌మెంట్‌లోని ఫర్నేస్: మన చేయి ఎంతవరకు వెళ్లవచ్చు

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో కెనడాలోనో కొత్తగా ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి గ్యాస్ పొయ్యి చిన్నప్పటి నుంచి తెలిసినదే గాని, ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాస్ ఫర్నేస్ మాత్రం కొత్త. బేస్‌మెంట్ మూలన బీరువాలా నిలబడి ఉండే ఈ యంత్రంలో రెండు గాలులు నడుస్తాయి. బర్నర్ల మంట నుంచి వచ్చే పొగ హీట్ ఎక్స్ఛేంజర్ అనే లోహపు గొట్టాల లోపలి నుంచి బయటికి పోతుంది. ఇంట్లో మనం పీల్చే గాలి అవే గొట్టాల బయటి వైపును తాకి, వేడెక్కి, డక్టులనే గాలి దారుల ద్వారా గదులకు చేరుతుంది. ఈ రెండూ కలవకుండా, రెండింటికీ దారి మూసుకుపోకుండా చూడడమే ఫర్నేస్ సంరక్షణలో ముఖ్యమైన పని. అందులో గాలి దారులను శుభ్రంగా ఉంచడం మన వంతు. గ్యాస్, మంట, పొగలకు సంబంధించినవి లైసెన్సు ఉన్న టెక్నీషియన్ వంతు.

మన వంతులో మొదటిది ఫిల్టర్. దాని కొలత అట్ట అంచు మీదే 16x25x1, 20x25x1 అన్నట్లు అచ్చు వేసి ఉంటుంది. పక్కనే ఉండే బాణం గుర్తు ఫర్నేస్ వైపు చూసేలా అమర్చాలి. ఫర్నేస్ స్విచ్ ఆపిన తరువాతే పాతదాన్ని తీయాలి. అంగుళం మందం ఫిల్టర్‌ను చలికాలంలో నెలకోసారి తీసి చూడాలి, ఎంత బాగున్నట్లు కనిపించినా మూడు నెలలకు మించి ఉంచకూడదు. రోజూ పోపు పెట్టి, అగరొత్తులు వెలిగించే ఇళ్లలో అది ఇంకా ముందే నిండుతుంది. మా మొదటి చలికాలంలో ఫర్నేస్ పది నిమిషాలు వేడి గాలి, ఆపై చల్లగాలి ఇస్తూ ఉంటే యంత్రమే పాడైందనుకున్నాను. వచ్చిన టెక్నీషియన్ ఫిల్టర్ బయటికి లాగి బల్బుకు ఎదురుగా పట్టుకున్నాడు. పాత గొంగళి ముక్కలా ఉన్న దానిలోంచి వెలుగు చుక్క కూడా రాలేదు. గాలి ఆడక హీట్ ఎక్స్ఛేంజర్ మితిమీరి వేడెక్కినప్పుడు లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది, గదులకు గాలిని నెట్టే బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చల్లగాలికి కారణం అదే. ఖరీదైనది మంచిదని మరీ చిక్కటి ఫిల్టర్ పెట్టినా ఇదే జరగవచ్చు. ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును పడుతుందో చెప్పే అంకె మెర్వ్; చాలా ఇళ్లకు మెర్వ్ 8 నుంచి 11 వరకు సరిపోతుంది.

వాడని గదుల్లో వేడి గాలి వచ్చే వెంట్లన్నీ మూసేస్తే గ్యాస్ మిగులుతుందన్నది పొరపాటు; ఎక్కువ వెంట్లు మూస్తే ఫలితం నిండిన ఫిల్టర్‌తో సమానమే. బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, పండుగ సామాన్ల పెట్టెలు ఫర్నేస్‌కు ఆనించి పేర్చడం మనలో చాలామందికి అలవాటు. చుట్టూ మూడడుగుల స్థలం వదలాలి. పెట్రోలు, పెయింటు, థిన్నర్ ఆ గదిలో ఉండనే కూడదు, బ్లీచ్ ఆవిరి కూడా హీట్ ఎక్స్ఛేంజర్ లోహాన్ని తినేస్తుంది. 90 శాతం పైబడిన సామర్థ్యం గల ఫర్నేస్‌లకు పొగ గొట్టాలు సాధారణంగా తెల్లటి ప్లాస్టిక్‌వి, గోడలోంచి బయటికి వస్తాయి. మంచు తుపాను తరువాత కారు కన్నా ముందు ఆ గొట్టాల మూతుల దగ్గర మంచు తీయండి.

ఫర్నేస్ వెలిగే తీరును ఒకసారి దగ్గర నిలబడి వింటే తరువాత తేడా వెంటనే తెలుస్తుంది. థర్మోస్టాట్ అడగగానే చిన్న ఫ్యాన్ తిరిగి పొగ దారిని సిద్ధం చేస్తుంది, మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రబడుతుంది, గ్యాస్ వాల్వ్ టక్కుమంటుంది, బర్నర్లు వరుసగా అంటుకుంటాయి, అర నిమిషం, నిమిషం తరువాత పెద్ద బ్లోయర్ మొదలవుతుంది. సీజన్ మొదటి రోజున దుమ్ము కాలిన వాసన కాసేపు రావడం సహజం. అసలు కదలిక లేకపోతే ముందు లైటు స్విచ్‌లా కనిపించే ఫర్నేస్ స్విచ్‌ను చూడండి, ఎవరో లైటనుకుని ఆపి ఉండవచ్చు. ఫర్నేస్ తలుపు సరిగా బిగియకపోయినా అది పనిచేయదు. మూడు, నాలుగు సార్లు వెలిగించి చూసి తనంతట ఆగిపోయిన ఫర్నేస్‌ను పదేపదే ఆపి, మళ్లీ వేసి బలవంతంగా నడపవద్దు. లోపాన్ని సూచించే లోపలి చిన్న దీపం ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి టెక్నీషియన్‌కు చెప్పండి.

మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుపచ్చగా ఊగుతోందంటే గ్యాస్ సరిగా మండడం లేదని అర్థం. అక్కడ పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు, వాసన ఉండవు. అందుకే ప్రతి అంతస్తులోను, పడకగదుల బయట అలారం ఉండాలి. దాని వెనుక ముద్రించిన గడువు దాటితే మార్చాలి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి, బయటికి వెళితే తగ్గుతుంటే దాన్ని జలుబుగా కొట్టివేయకూడదు. అలారం మోగితే పిల్లలతో సహా బయటికి వచ్చి 911కు ఫోన్ చేయాలి. ఫర్నేస్ ఆగిపోయిన రాత్రి గ్యాస్ ఓవెన్ తెరిచిపెట్టడం, బొగ్గుల కుంపటి లోపలికి తేవడం ప్రాణాంతకం.

కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే మన ఊళ్లో సిలిండర్ లీకైనప్పుడు చేసినట్లు కిటికీలు తెరుస్తూ ఆగవద్దు. ఏ స్విచ్చూ వేయకుండా, ఆపకుండా బయటికి నడిచి, దూరం నుంచి 911కు లేదా గ్యాస్ సంస్థకు ఫోన్ చేయాలి. ప్రొపేన్ వాడే ఇళ్లలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే అది గాలికన్నా బరువైనది. బేస్‌మెంట్ నేల మీదే పేరుకుంటుంది.

ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో సర్వీసు చేయించి, బర్నర్లు, ఫ్లేమ్ సెన్సర్, నీరు పోయే గొట్టం శుభ్రం చేయమని, గ్యాస్ ఒత్తిడిని, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచి అంకెలు రాసి ఇమ్మని అడగండి. హీట్ ఎక్స్ఛేంజర్ పగిలిందని, కొత్త ఫర్నేస్ కొనాలని చెబితే ఆ పగులును కెమెరాలో చూపించమనండి, మరో టెక్నీషియన్‌తోను చూపించండి. కాని ఆ రెండో మాట వచ్చేదాకా ఫర్నేస్‌ను మాత్రం వెలిగించవద్దు.