వైకికీలో సముద్రం పక్క టికీ బార్‌కి వెళ్తున్నారా, ఇది చూస్కోండి

హవాయి వెళ్తే వైకికీలో ఒక సాయంత్రం ఇసక పక్కనే ఉండే టికీ బార్‌లో (పసిఫిక్ దీవుల స్టైల్లో చెక్క బొమ్మలు, వెదురుతో అలంకరించిన బార్) కూర్చోవాల్సిందే, కాకపోతే పొద్దుగూకే టైంకి వెళ్తే టేబుల్ దొరకదు, డిసెంబర్‌లో ఆరు లోపే చీకటి మొదలు, జూన్‌లో ఏడుంపావు దాకా వెలుగుంటుంది, అది చూస్కుని గంట ముందే వెళ్లి బీచ్ వైపు సీటు పట్టేయండి. చెప్పులు ఓకే, షర్ట్ మాత్రం వేస్కోండి.

మెనూలో పూపూ అని ఉంటే నవ్వకండి, అక్కడ స్టార్టర్స్‌ని అలాగే అంటారు. పోకే అంటే పచ్చి ట్యూనా ముక్కలు, సోయా సాస్, నువ్వుల నూనె కలిపి ఇస్తారు, మనోళ్లకి మొదటి ముక్క కొంచెం కష్టమే (నేను రెండోదానికి పడిపోయా), డౌట్ ఉంటే కొబ్బరి కోటింగ్ రొయ్యలు చెప్పండి. కాలువా (హవాయి పద్ధతిలో నేలలో గొయ్యి తీసి వండేది) అని ఉంటే మామూలుగా పంది మాంసమే, వెజ్ వాళ్లు అడిగి తీస్కోండి.

మై టై అనే కాక్‌టెయిల్ తాగేవాళ్లకి ఒక మాట, 1944లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో తనే దాన్ని కనిపెట్టానని ట్రేడర్ విక్ అనే బార్ ఓనర్ చెప్పుకున్నాడు, అందులో రమ్ము, నిమ్మరసం, నారింజ లిక్కర్, బాదం సిరప్, కాస్త చక్కెర సిరప్ అంతే, పైనాపిల్ జ్యూస్ తర్వాత చేరింది, తియ్యగా ఉందని గబగబా తాగేస్తాం, మెల్లగా కానివ్వండి. 21 ఏళ్లు నిండాలి, పాస్‌పోర్ట్ అడుగుతారు. గ్లాస్ పట్టుకుని బీచ్‌లోకి మాత్రం దిగొద్దు, రూల్ ఒప్పుకోదు.

టిప్ 18 నుంచి 20 శాతం, బిల్లులో ముందే వేశారేమో చూడండి. ఫ్రైస్ వదిలి ఫొటోకి లేస్తే పిచ్చుకలు ప్లేట్‌లో దిగిపోతాయి, నావి అలాగే పోయాయి.