షట్టర్ దించాక పాత కార్ల రేసు: పది మందితో ఆన్‌లైన్ సిరీస్ నడపడం ఎలా

హనుమకొండలో నాది జిరాక్సు షాపు. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించి, ఇంటికొచ్చి తిని, పది గంటలకు కంప్యూటర్ రేసు గేమ్ స్టీరింగ్ ముందు కూర్చుంటాను. ఇప్పటికి మూడు సిరీస్‌లు నడిపాను. కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల, అన్నీ కలిపి పది మందిమి. ఎవరమూ రేసర్లం కాదు. మీ దోస్తులతో మీరూ మొదలుపెట్టాలనుకుంటే, నేను దెబ్బలు తిని నేర్చుకున్నది చెప్తాను.

ముందు కారు సంగతి. పోరగాళ్లు ఫార్ములా కార్లు అడుగుతారు, ఒప్పుకోకండి. వాటి చక్రాలు బయటికి ఉంటాయి, ఒకరిది ఇంకొకరికి తగిలితే ఇద్దరి రేసూ అయిపోయినట్టే. పాత టూరింగ్ కార్లయితే, అంటే రోడ్డు మీద తిరిగే మోడల్‌నే రేసుకు మార్చినవైతే, డోరుకు డోరు రాసుకున్నా బండి నడుస్తుంది. మేం అసెట్టో కోర్సా అనే కంప్యూటర్ గేమ్‌లో బీఎండబ్ల్యూ ఎం3 ఈ30 గ్రూప్ ఏ వాడతాం. గేమ్ 2014 నాటిది, పాత కంప్యూటర్ మీదా ఆడుతుంది. కారు గేమ్‌తోపాటే వస్తుంది, విడిగా కొనే పని లేదు. గ్రూప్ ఏ అంటే అప్పటి రేసుల్లో ఒక తరగతి, ఏడాదిలో 5,000 కార్లు తయారుచేస్తే తప్ప ఆ మోడల్‌ను రేసుకు రానిచ్చేవాళ్లు కాదు. అందుకే అది ఇంటి ముందు నిలబెట్టుకునే బండిలా ఉంటుంది. 1987లో రాబర్టో రవాలియా ప్రపంచ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచింది ఎం3తోనే. నాకైతే ఆ డబ్బా ఆకారం చూస్తే మా నాన్న ప్రీమియర్ పద్మిని గుర్తొస్తుంది. దాని గేరు స్టీరింగ్ పక్కన ఉండేది, రెండో గేరు పడాలంటే బతిమాలాలి.

అందరికీ ఒకటే కారు పెట్టండి. రెండు రకాలు కలిపామా, ఓడిన ప్రతివాడూ "నీ బండే గుంజుతుంది" అంటాడు. నెట్‌లో దొరికే మోడ్ కార్ల (బయటివాళ్లు తయారుచేసి పెట్టేవి) జోలికీ పోకండి. ఒకరి దగ్గర ఫైలు తేడాగా ఉన్నా, అందర్నీ ఒకే రేసులో కలిపే సర్వర్ వాణ్ని లోపలికి రానీయదు. మేం ఒక శనివారం రాత్రంతా ఫైళ్లు పంపుకుంటూనే కూర్చున్నాం, రేసు జరగలేదు.

సర్వర్ ప్రోగ్రామ్ గేమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఇంట్లోంచే నడుపుదామని నేను రెండు రోజులు రూటర్ సెట్టింగులతో కుస్తీ పట్టాను. 9600 పోర్టు (బయటివాళ్లు సర్వర్‌లోకి వచ్చే దారి) తెరిచాను, బయటివాళ్లకు సర్వర్ కనపడదు. తర్వాత తెలిసింది, మా బ్రాడ్‌బ్యాండ్‌లో ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక చాలా ఇళ్లున్నాయి. మన రూటర్‌లో పోర్టు తెరిస్తే ఏం లాభం? అలాంటి కనెక్షన్ అయితే ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకోండి. పది మంది పంచుకుంటే భారం కాదు. ఆడేవాళ్లందరినీ వైఫై మానేసి కేబుల్ పెట్టుకోమనండి. వైఫై మీద ఆడేవాడి కారు మన ముందే మాయమై, వెనక ప్రత్యక్షమవుతుంది.

సెట్టింగుల్లో ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకోకుండా ఆపేది) 'ఫ్యాక్టరీ' మీద, అంటే అసలు కారుకు ఉన్నట్టే, ఉంచండి. ఈ కారుకు అసలే లేదు కాబట్టి ఎవరికీ రాదు. ఆటో క్లచ్ ఇవ్వండి, క్లచ్ గేమే తొక్కుతుంది. డ్యామేజీ సగానికి తగ్గించండి.

ఇక ట్రాక్. మొదటి సిరీస్ నేను ఇటలీలోని మోంజాతో షురూ చేశాను, పేరున్న ట్రాక్ కదా అని. కిలోమీటరు పైగా నేరుగా ఉంటుంది, అందరూ ఐదో గేర్లో వస్తారు, చివర ఇరుకు మలుపు. టైర్లు ఇంకా వేడెక్కలేదు, బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి నేరుగా పోతుంది. ఆ మలుపులోకి తొమ్మిది కార్లు వెళ్తే మూడే క్షేమంగా బయటపడ్డాయి. మిగతా ఆరుగురి రేసు నలభై సెకన్లలోపే అయిపోయింది.

ఇప్పుడు మొదటి వారం ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్‌లో ఇండీ అనే చిన్న రౌండు పెడతాను. 1.9 కిలోమీటర్లే, మా బండ్లకు నిమిషం లోపే ఒక రౌండు. ఇరవై నిమిషాల రేసంటే ఇరవైకి పైగా రౌండ్లు. రౌండుకు మూడు సెకన్లు వెనకబడేవాడికి చివరికి నిమిషం పైనే తేడా వస్తుంది, అంటే ముందున్నవాడు ఒకసారి దాటేస్తాడు, అంతే. ఎప్పుడు చూసినా వాడి చుట్టూ ఎవరో ఒకరు ఉంటారు. బెల్జియంలోని ఏడు కిలోమీటర్ల స్పా ట్రాక్‌లో ఇదే మనిషి రెండో రౌండుకే ఒంటరివాడవుతాడు. నాలుగో రౌండులో నిద్రొస్తుంది, వచ్చే వారం రాడు. స్పా ఐదో వారానికి దాచుకోండి. ఎక్కడ పెట్టినా సరే, రెండో మలుపు దాటేదాకా ఓవర్‌టేక్ బంద్.

రాత్రి కార్యక్రమం ఇలా: ఇరవై నిమిషాలు ప్రాక్టీసు, పది నిమిషాలు క్వాలిఫైయింగ్ (ఎవరు ముందు నిలబడాలో తేల్చే రౌండ్లు), ఇరవై నిమిషాల చొప్పున రెండు రేసులు. రెండో రేసుకు గ్రిడ్, అంటే మొదట్లో కార్లు నిలబడే వరస, తలకిందులు. దానికి సర్వర్‌లోనే సెట్టింగ్ ఉంది. పాయింట్లు గెలిచినవాడికి 20, తర్వాత ఒక్కొక్కటే తగ్గుతూ ఆఖరివాడిదాకా అందరికీ. గెలిచినవాడి కారులో తర్వాతి వారం 20 కిలోలు అదనం వేస్తాం, రెండో వాడికి 10. ఇది మా సొంత తెలివి కాదు, పాత జర్మన్ టూరింగ్ రేసుల్లోనూ గెలిచిన బండికి బరువు వేసేవాళ్లు. టన్నుకు అటూఇటూ ఉండే బండికి ఇరవై కిలోలు బ్రేకు కొట్టేచోట బాగా తెలుస్తాయి.

లొల్లి గురించి చెప్పాలి, ఎందుకంటే తప్పదు. రెండో సిరీస్‌లో మా బామ్మర్దీ నేనూ ఒకే మలుపులో దూరాం. వాడు హెడ్‌సెట్‌లోనే, "బావా, నేను బ్రేక్ ముందే కొట్టిన. నువ్వే వచ్చి గుద్దినవ్" అన్నాడు. నేనూ ఊరుకోలేదు. మా ఆవిడ పక్క గదిలోంచి అంతా విన్నది. తమ్ముడి పక్షమే కదా, ఆ వారం కూరలో ఉప్పు కాస్త ఎక్కువే పడింది. రిప్లే చూస్తే తప్పు నాదే. అప్పటినుంచి రాత్రి పూట ఫిర్యాదుల్లేవు. మర్నాడు సాయంత్రం ఆరింటిలోపు రౌండు నంబరు, పదిహేను సెకన్ల వీడియో గ్రూపులో పెట్టాలి. ఆ గొడవలో లేని ఇద్దరు చూసి తేలుస్తారు. సిరీస్ నడిపేవాడు జడ్జి కాకూడదు.

ఆరు వారాలకు మించి పెట్టకండి. తేదీలు ముందే చూసుకోండి: బతుకమ్మ తొమ్మిది రోజులు, సెమిస్టర్ పరీక్షలు, పెళ్లి ముహూర్తాలు, రెండేళ్లకోసారి మేడారం జాతర. సద్దుల బతుకమ్మ నాడు రేసు పెట్టినవాణ్ని ఇంట్లోకి రానివ్వరు.

ఎండాకాలం కరెంటు పోతుంది. కంప్యూటర్‌కే కాదు, రూటర్‌కూ బ్యాకప్ ఉండాలి, చాలామంది అది మర్చిపోతారు. మధ్యలో పడిపోయినవాడు అప్పటిదాకా సగం రౌండ్లు పూర్తిచేసుంటే మేం ఆఖరి స్థానం పాయింట్లు ఇస్తాం.

ఆరో వారం తర్వాత పాయింట్లలో అందరికంటే కింద ఉన్నవాడు ఒక సరదా రాత్రికి కారు ఎంచుకోవచ్చు. పోయినసారి అది నేనే. 600 సీసీ కూడా లేని బుల్లి కారు అబార్త్ 595 పెట్టాను, అదీ స్పాలో. ఎత్తు ఎక్కేటప్పుడు మంచిర్యాలలో ఉండే మా మేనల్లుడు, "మామా, దిగి నూకాల్నా?" అని అడిగాడు.