ఎమ్మెల్యే ఫోన్ లేకుండా ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవడం ఎలా?

ఏదైనా జరగ్గానే మనవాళ్ళు చేసే మొదటి పని ఎమ్మెల్యే పీఏ నంబరు వెతకడం. రెండోది, ఊళ్ళో నోరున్న పెద్దమనిషిని తోడు రమ్మనడం. ఫిర్యాదు కాగితం సంగతి స్టేషన్ గేటు దగ్గరికి వచ్చాక గుర్తొస్తుంది. ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో నిలబడి నాలుగు ముక్కలు గీకేసి లోపలికి పోతారు. సాయంత్రానికి "కేసు కట్టలేదండీ, పోలీసులంతా అమ్ముడుపోయారు" అంటూ వస్తారు. పోలీసుల తప్పు లేదని నేను అనను, చాలాసార్లు ఉంటుంది. కానీ ఆ కాగితం చదివితే, దాని మీద కేసు కట్టడం నిజాయితీపరుడికి కూడా కష్టమే అనిపిస్తుంది.

ఫోన్ చేయిస్తే పనవుతుంది కదా అంటారు. అవుతుంది, అవతలివాడు అంతకంటే పెద్దవాడితో ఫోన్ చేయించేదాకా. ఆ తర్వాత మీ కేసు పంచాయితీ అయిపోతుంది. కాబట్టి ఈ పద్ధతిలో నాయకుడికి చోటు లేదు.

కావలసినవి

తెల్ల కాగితాలు, నీలం ఇంకు పెన్ను, ఆధార్ జిరాక్సు, ఉంటే ఫొటోలు, మెసేజ్‌ల ప్రింట్లు. తోడు ఒక్కరు చాలు, పదిమందిని వేసుకుని వెళ్ళకండి. ఫిర్యాదు చేత్తోనే రాయాలి. టైపు చేయించినది చెల్లుతుంది, కానీ డీటీపీ షాపువాడు తన దగ్గరున్న పాత నమూనాలో మీ పేరు పెట్టి ఇచ్చేస్తాడు. నల్ల ఇంకు వద్దు, అసలేదో జిరాక్సేదో తేడా తెలియదు.

1. ఏ స్టేషన్?

ఏదైనా సరే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (కేసులు, దర్యాప్తు ఎలా నడవాలో చెప్పే కొత్త చట్టం), 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా దగ్గర్లోని స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అంటే ఇదే. "మా పరిధి కాదు" అనే మాట ఇక చెల్లదు. ఆన్‌లైన్‌లో కూడా పంపొచ్చు, అయితే మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం పెట్టాలి. దెబ్బలు తగిలితే ముందు ప్రభుత్వ ఆసుపత్రి, తర్వాతే స్టేషన్. డాక్టరుకు ఎలా తగిలిందో చెప్పి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలపాల్సిన గాయంగా) రాయించండి. "పడ్డాను" అని మొహమాటానికి చెప్పకండి. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే అన్నిటికంటే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

2. అసలు కేసు అవుతుందా?

పోలీసులు నేరుగా కేసు కట్టి దర్యాప్తు చేయగలిగే నేరాలను కాగ్నిజబుల్ అంటారు. మిగతావాటికి మేజిస్ట్రేటు అనుమతి కావాలి. దొంగతనం కాగ్నిజబులే, కానీ పోయిన వస్తువు విలువ 5,000 రూపాయలకు తక్కువైతే కాదు. ఫోన్ పోయినప్పుడు ఫిర్యాదులో ధర రాయమని, బిల్లు జత చేయమని పోరేది ఇందుకే.

3. ఫిర్యాదు రాయడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే.

మామూలుగా మన ఫిర్యాదు ఇలా ఉంటుంది: "అయ్యా, నేను నిరుపేద రైతును. మా నాన్నగారి కాలం నుంచి మా పాలివాళ్ళు మమ్మల్ని అనేక విధాల ఇబ్బందులకు గురిచేయుచున్నారు. వారికి రాజకీయ అండదండలు కలవు. నిన్న కూడా నాపై దౌర్జన్యం చేసినారు. కావున తమరు దయతలచి నాకు తగు న్యాయం చేయగలరని ప్రార్థన."

ఇందులో నేరం ఎక్కడుంది? పొలం తగాదా ఉంది, బాధ ఉంది, ప్రార్థన ఉంది. ఎస్సై దీన్ని చూసి "సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండి" అంటే ఏం చేస్తారు?

అదే మనిషి ఇలా రాయాలి: "ఈ నెల 14న ఉదయం సుమారు 7 గంటలకు నేను మా పొలానికి వెళ్ళేసరికి మా పాలివాడు ఫలానా, అతని కొడుకు ఫలానా పారలతో మా గట్టు తవ్వుతున్నారు. ఎందుకని అడిగాను. కొడుకు నా చొక్కా పట్టుకుని కదలనివ్వలేదు. తండ్రి పార తిరగేసి నా ఎడమ మోచేతి మీద కొట్టాడు. రక్తం కారింది. పక్క చేలో కలుపు తీస్తున్న ఫలానా, ఫలానా చూశారు. 9 గంటలకు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకున్నాను."

"దౌర్జన్యం చేశారు" అనే మాట అసలు వాడకండి. ఎవరు, ఏ చేత్తో, దేనితో, ఒంటి మీద ఎక్కడ అనేది రాయండి. చేత్తో కొడితే తగిలే మామూలు దెబ్బ కాగ్నిజబుల్ కాదు. ప్రాణాపాయం కలిగించగల ఆయుధంతో కొడితే అవుతుంది. "కొట్టాడు" అని రాసి పార సంగతి వదిలేశారంటే, మీ కేసును మీరే మేజిస్ట్రేటు దగ్గరికి పంపించుకున్నట్టు.

అలాగని లేని పారను తెచ్చి పెట్టకండి. "కాస్త గట్టిగా రాస్తేనే కేసు నిలబడుతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. వాళ్ళ మాట విని కత్తి చేరుస్తారు, "చంపబోయారు" చేరుస్తారు, అక్కడ లేని అన్ననీ బావమరిదినీ చేరుస్తారు. డాక్టరు రాసిన గాయం ఒకటి, కాగితం మీది గాయం ఇంకొకటి అయితే కోర్టులో మొదట కూలేది మీ మాటే. ఒకరికి నష్టం కలిగించాలని పోలీసులకు తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం) 217వ సెక్షన్ కింద నేరం కూడా, ఏడాది దాకా జైలు పడొచ్చు.

పేరు తెలియకపోతే "పేరు తెలియదు, చూస్తే గుర్తుపడతాను" అనండి. తిట్లు ఉంటే తిట్టిన మాటలే రాయాలి, "అసభ్య పదజాలంతో" అని మర్యాదకు పోవద్దు. కులం పేరుతో తిడితే ఆ మాటా, మీ కులమూ, వాళ్ళ కులమూ, నలుగురూ చూస్తుండగా జరిగితే ఆ సంగతీ రాయాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కట్టడానికి ముందస్తు విచారణ అవసరం లేదని 18ఏ సెక్షన్ చెబుతోంది. ఆలస్యమైతే ఎందుకైందో ఒక్క వాక్యం ఉండాలి. సెక్షన్ల నంబర్లు మీరు వేయొద్దు. అది వాళ్ళ పని. తప్పు సెక్షన్ వేస్తే ఎవరో రాసిచ్చారని తెలిసిపోతుంది.

ఇక "రాజకీయ అండదండలు". ఈ మాట తీసేయండి. నాయకుడి పేరు రాయాల్సి వస్తే అతను చేసిన పని రాయండి: "అదే రోజు రాత్రి 8 గంటలకు ఫలానా నాయకుడు నాకు ఫోన్ చేసి, కేసు పెడితే నీళ్ళు రానివ్వనన్నాడు." అప్పుడు దానికి తేదీ, గంట ఉంటాయి, కాల్ రికార్డు ఉంటుంది, అతను జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది. ఊరికే అండదండలంటే ఎవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

అన్నిటికంటే ప్రమాదం చివరి వాక్యంలో ఉంది. స్టేషన్లో రైటర్ (రాతపని చూసే పోలీసు) మీ కాగితం చూసి, చాలా మంచిగా, "ఇలా కాదమ్మా, నేను చెబుతా రాయి" అంటూ కొత్త కాగితం ఇస్తాడు. అందులో పార పోతుంది. ఇద్దరు ముద్దాయిలు ఒక్కరవుతారు. ఆఖర్న "ఇకమీదట మా జోలికి రాకుండా మందలించగలరని కోరుతున్నాను" అని రాయిస్తాడు. ఆ ఒక్క ముక్కతో మీది ఫిర్యాదు కాకుండా పోయింది. మీరే మందలిస్తే చాలన్నారు, వాళ్ళు పిలిచి మందలించారు, ఫైలు మూసేశారు. రేపు ఎస్పీ అడిగినా మీ సంతకంతో ఉన్న ఆ కాగితమే చూపిస్తారు. మీ చివరి వాక్యం ఇదొక్కటే: "కేసు నమోదు చేసి దర్యాప్తు జరపవలసిందిగా కోరుతున్నాను." మందలింపు, కౌన్సెలింగ్, రాజీ, పెద్దల సమక్షం, ఈ నాలుగు మాటల్లో ఏదీ కాగితం మీద ఉండకూడదు.

రాయడం రానివాళ్ళు నోటితో చెప్పొచ్చు. పోలీసులే రాసి చదివి వినిపించాలి. అయినా సంతకం పెట్టే ముందు మీతో వచ్చినవాళ్ళ చేత ఇంకోసారి చదివించుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరు అడిగినా పెట్టొద్దు.

4. ఇవ్వడం, రసీదు తీసుకోవడం

ఉదయం పదీ పదకొండు మధ్య వెళ్ళండి. సాయంత్రం వెళితే ఎస్సై బందోబస్తులో ఉంటాడు. రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ, తీసుకున్నవాళ్ళ సంతకం వేయించుకోవాలి. అది లేకుండా వెనక్కి రావద్దు. మహిళల మీద జరిగే లైంగిక నేరాలు, యాసిడ్ దాడి లాంటి వాటిలో బాధితురాలి మాట మహిళా అధికారే రాసుకోవాలి. అత్యాచారం లాంటి కొన్ని నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయని అధికారికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా జైలు ఉంది.

"విచారించి చూస్తాం" అంటే, ఎన్ని రోజుల్లో అని అడగండి. కాగ్నిజబుల్ నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే కేసు కట్టి తీరాలని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నాగరిక్ సురక్షా సంహిత ఇక్కడ కొంత సందు ఇచ్చింది. మూడు నుంచి ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో ముందస్తు విచారణ చేయొచ్చు, అదీ 14 రోజుల్లో తేల్చాలి. నాకు ఈ సందు నచ్చలేదు, కానీ చట్టం అదే.

"పైనుంచి ఒక మాట చెప్పించండి" అని ఎస్సై అన్నాడనుకోండి. తిట్టుకోకండి, అర్థం చేసుకోండి. అతని పోస్టింగు ఎవరి లెటరుతో వచ్చిందని జనం అనుకుంటారో మీకూ తెలుసు. 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. స్టేషన్ అధికారికి, ఎస్పీకి కనీసం రెండేళ్ళు బదిలీ లేకుండా ఉండాలి, బదిలీలను పోలీసు అధికారుల బోర్డే చూడాలి, దర్యాప్తునీ శాంతిభద్రతలనీ వేరు చేయాలి, పోలీసుల మీద ఫిర్యాదులకు రాష్ట్రంలో, జిల్లాల్లో విడిగా అథారిటీలు పెట్టాలి. కేసు వేసిన ప్రకాశ్ సింగ్ స్వయంగా డీజీపీగా చేసినవాడు. చాలా రాష్ట్రాలు వీటిని కాగితం మీద సర్దేశాయి. ఏ పార్టీ అయినా బదిలీల తాళంచెవి తన దగ్గరే ఉంచుకోవాలనుకుంటుంది కదా. మీరు ఫోన్ చేయించిన ప్రతిసారీ ఆ తాళంచెవికి ఇంకాస్త విలువ పెంచుతున్నారు. నాయకుడితో మాట్లాడాలనే ఉంటే, మన జిల్లాలో పోలీస్ ఫిర్యాదుల అథారిటీ ఎక్కడుంది, దాని చిరునామా ఏమిటి అని అడగండి. ఓటుకు వచ్చినప్పుడు నలుగురిలో అడిగితే ఇంకా మంచిది.

5. కట్టకపోతే

అదే ఫిర్యాదును, ముద్ర వేసిన కాపీ జిరాక్సుతో సహా, ఎస్పీకి పోస్టులో పంపండి. నగరాల్లో అయితే కమిషనర్‌కు. నాగరిక్ సురక్షా సంహిత 173లోని నాలుగో ఉపసెక్షన్ పోస్టులో పంపమనే చెబుతోంది. స్పీడ్ పోస్ట్ రసీదు దాచండి, ట్రాకింగ్ ప్రింటు తీసుకోండి. సోమవారం గ్రీవెన్స్‌కు (అధికారులు అర్జీలు తీసుకునే రోజు) వెళ్ళి వరసలో నిలబడతామంటే నిలబడండి, కానీ పోస్టు చేశాకే. గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ చాలాసార్లు "తగు చర్య నిమిత్తం" అని తిరిగి అదే స్టేషన్‌కు చేరుతుంది.

అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు. అదే సంహిత 175(3) కింద దరఖాస్తు, దానికి అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఉండాలి, ఎస్పీకి పంపిన రుజువు జతచేయాలి. పోస్టు రసీదు పోగొట్టుకున్నవాళ్ళు ఇక్కడ ఇరుక్కుంటారు. మేజిస్ట్రేటు పోలీసుల వివరణ కూడా విని దర్యాప్తుకు ఆదేశిస్తారు. చాలామంది ఈ మెట్టు దాటేసి హైకోర్టులో రిట్ వేస్తామంటారు. ముందు మేజిస్ట్రేటు దగ్గరికే వెళ్ళాలని 2007 డిసెంబరులో సాకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాదుకో అమరావతికో తిరిగే ఖర్చు మిగుల్చుకోండి. లాయరు ఫీజు కష్టమైతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

6. కట్టాక

ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అక్కడే నిలబడి చదవండి. తేదీ, టైము, పేర్లు, పార, అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. సున్నితమైన కేసులు తప్ప మిగతావి సాధారణంగా 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, అందులోనూ ఒకసారి పోల్చుకోండి.

స్టేషన్లో ఎవరైనా మీ మీద చేయి చేసుకున్నా, గంటల తరబడి కూర్చోబెట్టినా ఆ రోజే తేదీ, టైము, ఏ గదిలోనో రాసిపెట్టుకోండి. ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు ఉంచాలని, అది కుదరకపోతే కనీసం ఏడాదైనా ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫుటేజీ కావాలని లిఖితపూర్వకంగా వెంటనే అడగండి. ఆర్నెల్ల తర్వాత అడిగితే కెమెరా పాడైందంటారు.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు తెలియజేయాలి, నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్. ఎలక్ట్రానిక్‌గా సహా ఏ మార్గంలో తెలిపినా సరిపోతుందని అందులోనే ఉంది కాబట్టి "నడుస్తోందిలే" అని ఒక కాల్ చేసి సరిపెట్టే అవకాశం ఉంది. 91వ రోజు ఒక కాగితం మీద ఎఫ్ఐఆర్ నంబరు వేసి, సాక్షులను విచారించారా, గాయం సర్టిఫికెట్ తెప్పించారా అని రెండే ప్రశ్నలు రాసి ఇవ్వండి. దాని రెండో కాపీ మీద కూడా ముద్ర వేయించుకోండి.